మూడో పక్షపు డిస్కు

ఒక సమాజం ఎంత నాగరికమైందో తెలుసుకోవడానికి దాని వంతెనలూ గ్రంథాలయాలూ చూసి రానక్కర్లేదు. పాడైపోయిన ఒక వస్తువును తీసి, అచ్చం అలాంటిదే ఇంకొకటి ఆ స్థానంలో పెట్టడానికి అక్కడ ఎంతమంది సంతకాలు కావాలో కనుక్కుంటే చాలు. ఆ లెక్కన మా ఊరి పెద్దాసుపత్రి ప్రపంచంలోని అత్యున్నత నాగరికతల సరసన నిలుస్తుందని ప్రకటించడానికి ఈ వ్యాసకర్త గర్విస్తున్నాడు.

ఆసుపత్రి కింది అంతస్తులో, లాండ్రీకీ ఆక్సిజన్ సిలిండర్ల గదికీ మధ్య, ఒక చల్లటి గది ఉంది. ఆ భవనంలో ఏసీ సరిగ్గా పనిచేసే గది అదొక్కటే. (ఆపరేషన్ థియేటర్‌లో కూడా ఉంది గానీ, అది కోలుకుంటోంది.) ఆ గదిలో ఒక ఇనప పెట్టె. పెట్టెలో పన్నెండు డిస్కులు పక్కపక్కనే కూర్చుని తిరుగుతుంటాయి. ఊళ్లో ఎవరి మోకాలు ఎక్కడ అరిగింది, ఎవరి ఊపిరితిత్తుల్లో ఏముంది, ఎవరి కడుపులో బిడ్డ ఎటు తిరిగింది, ఆ స్కాన్లూ ఎక్స్‌రేలూ అన్నీ అందులోనే. ఆ పెట్టె గొప్పతనం ఏమిటంటే, ఒక డిస్కు చచ్చిపోతే దాని పని మిగతావి పంచుకుంటాయి. రెండు పోయినా ఎలాగో లాక్కొస్తాయి. మూడోది కూడా పోతే మాత్రం, అన్నీ కలిసి ఒకేసారి సమస్తం మర్చిపోతాయి. (ఆసుపత్రి సిబ్బంది విషయంలోనూ ఇదే పద్ధతి అమల్లో ఉంది. ఎన్ని పోస్టులు ఖాళీ అయితే పూర్తిగా ఆగిపోతుందన్నది ఇంకా పరీక్షిస్తున్నారు.)

రోగుల చేతికి ఫిల్ములు ఇవ్వడం ఆసుపత్రి ఎప్పుడో మానేసింది, పర్యావరణం కోసం. అంటే అసలు జాగ్రత్త పడలేదని కాదు. బ్యాకప్ ఉంది. దాన్ని భద్రత కోసం వేరే పేరుతో, నిర్వహణ సౌలభ్యం కోసం అదే పెట్టెలో ఉంచారు.

ఈ పెట్టెను చూసుకునే ఉద్యోగినికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. కానీ సర్వర్ గదిలో ఉంటుంది కాబట్టి ఊడ్చే ఆయా దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా అందరూ సర్వరమ్మ అనే పిలుస్తారు. ఒకసారి జీతాల పట్టీలో కూడా అలాగే పడింది. సరిచెయ్యమని దరఖాస్తు పెడితే, ఆ పేరు గల ఉద్యోగి తాను కానని రుజువు తెమ్మన్నారు. రుజువు తెస్తే జీతం ఆగిపోతుందని అర్థమై, ఆవిడ సర్వరమ్మగానే స్థిరపడింది.

ఒకరోజు పొద్దున పెట్టెలో ఆకుపచ్చ లైట్ల వరసలో ఒకటి నారింజ రంగుకి తిరిగింది. డిస్కు పోయింది. సర్వరమ్మ కంపెనీకి కబురు పెట్టింది. కంపెనీ ప్రతినిధి వచ్చాడు. మెడలో టై, మొహాన చిరునవ్వు, రెండూ కంపెనీవే.

"మేడమ్, ఈ మోడల్‌కి మా కంపెనీ గౌరవంగా పదవీ విరమణ ఇచ్చేసింది" అన్నాడు.

"పెట్టె ఇంకా పనిచేస్తోందిగా అండీ."

"అది పెట్టెకున్న అలవాటు మేడమ్. మా రికార్డుల ప్రకారం పనిచెయ్యడం మానేసింది."

"ఒక్క డిస్కు ఇవ్వండి చాలు."

"డిస్కులు విడిగా ఇవ్వం. కొత్త పెట్టె తీసుకుంటే అందులో డిస్కులుంటాయి."

"పోనీ, బయట కొని పెట్టుకుంటాం."

చిరునవ్వు అలాగే ఉంది గానీ కళ్లు మారాయి. "బయటదా? మూడో పక్షపు డిస్కా? పెడితే వారంటీ రద్దయిపోతుంది మేడమ్."

"వారంటీ గడువు ఎప్పుడో తీరిపోయింది కదండీ."

"తీరిపోయిన వారంటీ కూడా రద్దవుతుంది."

"అయితే ఏమవుతుంది?"

"ఇప్పుడు మీకు వారంటీ లేదు. అప్పుడు బొత్తిగా ఉండదు" అన్నాడతను, ఎదుటివాళ్ల మంచి కోరే గొంతుతో.

ఇక్కడ సర్వరమ్మ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో భర్త, అత్తగారు. అత్తగారు బస్టాండులో టికెట్ల కిటికీ వెనక ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆవిడ పనిచేసిన కాలంలో ఆ కిటికీ ముందు వరస తప్పి టికెట్టు తీసుకున్నవాడు ఒక్కడు కూడా లేడని చెప్పుకుంటారు. (ఒకసారి రవాణా శాఖ పెద్దాయనే వచ్చి ముందుకు నిలబడితే, "వెనక్కెళ్లండి బాబూ, ఇక్కడ బస్సు అందరికీ ఒకటే" అందట. ఆయన వెళ్లాడు. ఆవిడకి బదిలీ వచ్చింది. అక్కడా కిటికీయే.) పోయినేడాది ఆవిడకు ఊపిరితిత్తుల స్కాను తీస్తే చిన్న మచ్చ కనబడింది. ఏడాది ఆగి చూద్దామన్నారు. ఇప్పుడు మళ్లీ తీశారు. మచ్చ ఉంది.

"కొత్తదాని పక్కన పాతది పెట్టి చూడాలి" అన్నాడు స్కాను తీసిన డాక్టరు. "పెరక్కపోతే వదిలేద్దాం. పెరిగితే కోసి తియ్యాలి." అయితే స్కాను తియ్యడం ఆయన పని, పోల్చడం ఆయన పని కాదు. పోల్చి చెప్పే పెద్ద డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు చాలా దూరంలో దొరికింది. పాత స్కాను ఎక్కడుందో చదివేవారికి వేరే చెప్పనక్కర్లేదు.

సర్వరమ్మ డిస్కుల దుకాణానికి వెళ్లింది. ఇరుకు గది, నాలుగు వైపులా అలమరలు, మధ్యలో కళ్లజోడు నెత్తి మీదికి తోసుకున్న దుకాణదారు.

"ఏ డిస్కైనా పెట్టేస్తే సరిపోదండీ" అంది ఆవిడ ముందుగానే. "పిన్నులు అవే ఉండాలి, వేగం అదే ఉండాలి. పైన రాసిన సైజు ఒకటే అయినా, అసలు కొలతలో వెంట్రుకవాసి తగ్గినా మా పెట్టె ఒప్పుకోదు. ఇళ్లల్లో వాడే రకం అసలే వద్దు."

"ఇంటి డిస్కు ఎందుకిస్తానక్కా? అది ఒంటరిగా కాపురం చేసే రకం. పన్నెండింటి మధ్య కూర్చోబెడితే పక్కవాళ్ల వణుకుకే సగం చచ్చిపోతుంది. ఒక ముక్క చదవలేకపోతే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటుంది. ఇది పలకట్లేదు, పోయిందేమోనని మీ పెట్టె దాన్ని బయటికి నెట్టేస్తుంది." అతను లోపలికెళ్లి రెండు డిస్కులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది కొత్తది. మీ కంపెనీకి డిస్కులు చేసిచ్చేది కూడా ఈ ఫ్యాక్టరీయే. ఆ స్టిక్కరు అంటించకముందు దాని మొహం ఇలాగే ఉంటుంది. ఇక ఇది పాతది. మూతబడ్డ ఆఫీసులో, మీలాంటి పెట్టెలోంచే తీశారు. నేను పరీక్ష చేశాను, బాగుంది. దీని లోపల మీ కంపెనీ పేరు రాసే ఉంటుంది. మీ పెట్టె భాష దీనికొచ్చు."

"రెండూ ఇవ్వండి. పరీక్షించి చెప్తాను."

"పరీక్షకి ఎంతసేపు పడుతుందక్కా?"

"పరీక్షకి ఎంతోసేపు పట్టదు" అంది సర్వరమ్మ.

బయటి డిస్కు పెట్టెకు సరిపోతుందో లేదో తేల్చడానికి ఆసుపత్రిలో అనుగుణ్యతా నిర్ధారణ సంఘం ఏర్పడింది. కొనుగోళ్ల అధికారి అధ్యక్షుడు. ఇద్దరు సభ్యులు. డిస్కుల గురించి తెలిసినవాళ్లు సంఘంలో ఎవరూ లేరు కాబట్టి, నిష్పాక్షికత కోసం ఒక తటస్థ నిపుణుణ్ణి పిలిచారు. ఊళ్లో అందుబాటులో ఉన్న తటస్థ నిపుణుడు కంపెనీ ప్రతినిధే. సర్వరమ్మకు గోడవారగా కుర్చీ వేశారు, అవసరమైతే అడుగుతామని.

మొదటి సమావేశం పూర్తిగా మూడో పక్షం అంటే ఎవరు అన్న దాని మీదే నడిచింది.

"మనం ఒకటో పక్షం" అన్నాడు కొనుగోళ్ల అధికారి. "కంపెనీ రెండో పక్షం. దుకాణం మూడో పక్షం. బాగుంది. మరి ఈ డిస్కు తయారుచేసిన ఫ్యాక్టరీ?"

"కంపెనీకి చేసిచ్చేది కూడా వాళ్లే సార్" అంది సర్వరమ్మ.

అధికారి కలం కింద పెట్టాడు. "అంటే రెండో పక్షంతో ఉంటూనే మూడో పక్షానికి సాయం చేస్తున్నారన్నమాట."

కంపెనీ ప్రతినిధి బాధగా తలవంచుకున్నాడు, ఇంటి గుట్టు బయటపడ్డవాడిలా. చాలాసేపు చర్చించి ఫ్యాక్టరీని రెండున్నరో పక్షంగా గుర్తించారు. అది తీర్మానంగా నమోదైంది.

"మరి రోగులు ఏ పక్షం సార్?" అంది సర్వరమ్మ.

"రోగులు పక్షం కాదమ్మా" అన్నాడు అధికారి ఓపిగ్గా. "సందర్భం."

ఒక డిస్కును చూసి ఒక రకాన్ని నిర్ణయించడం అశాస్త్రీయమని తటస్థ నిపుణుడు అన్నాడు. కాబట్టి కొత్త రకంవి ఇంకొన్ని నమూనాలు తెప్పించారు. పరీక్ష రోజున అందరూ చల్లటి గదిలో గుమిగూడారు. సర్వరమ్మ చచ్చిన డిస్కును లాగి, కొత్తదాన్ని తోసింది. పెట్టె కాసేపు ఆలోచించి, తెర మీద ఇలా రాసింది: గుర్తింపు లేని డిస్కు. తిరస్కరించడమైనది.

"చూశారుగా!" అన్నాడు ప్రతినిధి. "పెట్టే చెబుతోంది."

"తన కంపెనీ పేరు లోపల రాసి లేకపోతే తిరస్కరించమని దానికి నేర్పింది మీరే కదండీ?"

"అవును మేడమ్. నేర్పినట్టే చేసింది. అంటే పెట్టె చక్కగా పనిచేస్తోందన్నమాట."

సభ్యులు తలలూపారు. నమూనాలన్నీ తిరస్కృతమయ్యాయి. వాటిని వెనక్కి పంపే విధానం ఇంకా రూపొందలేదు కనుక, అంతవరకు స్టోర్‌రూమ్‌లో సురక్షితంగా ఉంచవలెనని సర్వరమ్మకు రాతపూర్వక ఉత్తర్వు వచ్చింది.

తర్వాత రెండో రకం. మూతబడ్డ ఆఫీసు డిస్కు. సర్వరమ్మ దాన్ని తోసింది. పెట్టె ఆలోచించింది. నారింజ లైటు ఒకసారి ఆరి, ఆకుపచ్చగా మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. తెర మీద అక్షరాలు: డిస్కు స్వీకరించడమైనది. పునర్నిర్మాణం ప్రారంభం. మిగతా పదకొండు డిస్కులూ చచ్చినదాని జ్ఞాపకాలను కొత్తగా వచ్చినదానికి అప్పజెప్పడం మొదలుపెట్టాయి. సర్వరమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. చాలా రోజులుగా తాను ఊపిరి సగమే పీలుస్తోందని ఆవిడకు అప్పుడే తెలిసింది.

"విజయవంతమైందంటారా?" అన్నాడు అధికారి.

"అయింది సార్!"

"సంతోషం. పరీక్ష విజయవంతమైంది కాబట్టి పరీక్ష ముగిసింది. డిస్కు తీసెయ్యండి."

"సార్?"

"పరీక్షకే కదమ్మా అనుమతి. ఉంచడానికి కాదుగా. ఉంచాలంటే సంఘం ఆమోదించాలి."

"పెట్టె ఆమోదించింది కదా సార్."

"పెట్టె సంఘంలో సభ్యురాలు కాదు" అన్నాడు అధికారి. ఆయనకు కోపం లేదు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డమనిషి కాదు. పూర్వం ఇక్కడి ఉద్యోగి ఒకాయన అనుమతి లేకుండా ఒక పంపు మోటారు మార్పించాడు; ఆ మోటారు ఇప్పటికీ నడుస్తోంది, ఆయన మాత్రం పెన్షను అందక ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఆ మనిషి రోజూ అధికారి గది ముందు బెంచీ మీదే కూర్చుంటాడు.

సర్వరమ్మ డిస్కు తీసింది. లైటు మళ్లీ నారింజ రంగుకి తిరిగింది. ఏకాభిప్రాయంతో సమావేశం ముగిసింది.

ఆ వారంలోనే రెండో డిస్కు పోయింది. సర్వరమ్మ అత్యవసరమని నోట్ పెట్టింది. సంఘం అత్యవసరంగానే స్పందించింది. పర్యటనకు వచ్చే పెద్దలు రెండు నారింజ లైట్లు చూసి అనవసరపు ఆందోళనకు లోనయ్యే అవకాశమున్నందున, సదరు లైట్లను తగిన రీతిలో కప్పవలెనని ఉత్తర్వు. వార్డులోంచి కట్లు కట్టే ప్లాస్టరు తెచ్చి అంటించారు. పెట్టె చూడ్డానికి పోట్లాటలో దెబ్బలు తిన్నవాడిలా తయారైంది.

అప్పుడు సర్వరమ్మ ఒక పని చేసింది. తిరస్కరించిన డిస్కుల్ని సురక్షితంగా ఉంచమని ఉత్తర్వు ఉందిగా. విరిగిన వీల్‌చైర్ల స్టోర్‌రూమ్‌లో ఒక పాత కంప్యూటరు పడి ఉంది. దానికి కంపెనీ ఏదో ఎవరికీ గుర్తులేదు, అందుకని ఏ డిస్కు పెట్టినా అభ్యంతరం చెప్పదు. తిరస్కృత డిస్కుల్ని అందులో బిగించింది. ఒక వైరు లాగి, పెట్టెలో ఉన్న స్కాన్లను ఒక్కొక్కటిగా అందులోకి ఎత్తడం మొదలుపెట్టింది. డిస్కుల్ని సురక్షితంగా ఉంచడానికి అంతకన్నా మంచి మార్గం ఆవిడకు తోచలేదు.

కానీ రెండు డిస్కులు పోయిన పెట్టె కుంటుతూ నడుస్తోంది. గట్టిగా లాగితే మూడోది పోతుంది. నెమ్మదిగా, ఒకరి తర్వాత ఒకరివి తియ్యాలి. ఎవరిది ముందు? సర్వరమ్మ బాగా ఆలోచించి, డాక్టరు దగ్గరికి ఎవరు ముందు వెళ్లాలో వాళ్లది ముందు అని పెట్టుకుంది. ఆ వరసలో అత్తగారు చాలా వెనక ఉన్నారు.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు భర్త భోజనాల దగ్గర. "ముందు అమ్మది తీసి పక్కన పెట్టు. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అంది అత్తగారు, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

"అమ్మా, ఇది బస్సు టికెట్టు కాదు."

"కాదు. బస్సైతే ఇంకొకటొస్తుంది." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఏమే, నా ముందు ఎవరున్నారు?"

"చాలామంది ఉన్నారత్తయ్యా. గుండె ఆపరేషన్‌కి వెళ్లే డ్రైవరు ఒకాయన. తలలో గడ్డ ఉన్న చిన్నపిల్ల. ఇంకా..."

"ఆ పిల్లని పక్కకి జరిపి నన్ను నిలబెడతావా?"

"ఒక్కళ్లే కదత్తయ్యా. ఎంతోసేపు పట్టదు."

"మధ్యలో దూరే ప్రతివాడూ అదే అనేవాడు, ఒక్కణ్ణే కదండీ, ఎంతోసేపు పట్టదండీ అని. ఉద్యోగం చేసినన్నాళ్లూ కిటికీలోంచి తిట్టాను వాళ్లని. ఇప్పుడు నువ్వు నన్ను దూర్చావంటే, వాళ్లందరికీ క్షమాపణ చెప్పుకోవాలి నేను. అంత ఓపిక లేదమ్మాయ్, నాకు."

మర్నాడు సర్వరమ్మ స్టోర్‌రూమ్‌లో విరిగిన వీల్‌చైర్‌లో కూర్చుని, అత్తగారి పేరును తెర మీద వెతికి పట్టుకుంది. పైకి జరపడానికి ఒక్క నొక్కు చాలు. వేలు అక్కడే పెట్టి చాలాసేపు ఉంది. తర్వాత ఆ పేరును ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేసి, ఆ తలలో గడ్డ ఉన్న పిల్ల స్కాను ఎత్తింది. (దీన్ని మూర్ఖత్వమనే పాఠకులుంటారు. వారితో వాదించడానికి ఈ వ్యాసకర్త దగ్గర ఆధారాలు లేవు.)

రోజులు గడిచాయి. సంఘం 'అనుగుణం' అనే మాటకు నిర్వచనం రాస్తోంది. వరస తరుగుతోంది. అత్తగారి పేరు పైకి, ఇంకా పైకి జరుగుతోంది. ఒకరోజు సర్వరమ్మ ఇంటికొచ్చి, "రేపు మీ వంతు వచ్చేస్తుందత్తయ్యా" అని కూడా చెప్పింది. "వస్తే రానీ, కంగారేముంది?" అంది ఆవిడ, కానీ ఆ పూట రెండోసారి కూర వేయించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పెట్టెలోంచి టకటకమని, గోటితో బల్ల మీద కొట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. సర్వరమ్మ పరుగెత్తింది. తను వెళ్లేసరికి చప్పుడు ఆగిపోయింది. ప్లాస్టర్ల పక్కన మూడో లైటు కూడా నారింజ రంగుకి తిరిగింది. పెట్టె మొత్తం తెల్లమొహం వేసింది. అప్పటికి ఊరి స్కాన్లలో చాలా భాగం స్టోర్‌రూమ్‌కి చేరాయి. వరస చివర ఉన్న కొద్దిమందివి మిగిలిపోయాయి. ఆ కొద్దిమందిలో మొదటి పేరు అత్తగారిది.

సర్వరమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. పక్కగదిలో లాండ్రీ యంత్రం దుప్పట్లు తిప్పుతోంది.

పోయినవాటిని వెలికితీసే నిపుణులు లేకపోలేదు. కానీ వాళ్లను పిలవాలంటే ఏదో పోయిందని సంఘం తీర్మానించాలి. పోవడం అనే అంశం సంఘం పరిధిలో లేదు. ఉండడం కూడా లేదు. ఉన్నది అనుగుణ్యత ఒక్కటే.

"పాత స్కాను లేదా?" అన్నాడు పెద్ద డాక్టరు. మంచివాడు, పేషెంటు కళ్లలోకి చూసి మాట్లాడతాడు. "అయితే పెరిగిందనే అనుకోవాలమ్మా. ఈ వయసులో, ఈ దగ్గుతో, పెరగలేదని నేను పూచీ పడలేను. తీసేద్దాం."

తీశారు. పక్కటెముకల కింద గాటు పెట్టి, ఊపిరితిత్తిలోంచి ఒక ముక్క తీసి పరీక్షకు పంపారు. ఎప్పుడో వచ్చి పోయిన జబ్బు తాలూకు మచ్చ. ఏ హానీ లేదు. "పెరిగే రకమే కాదిది" అన్నాడు డాక్టరు, సంతోషమూ నొచ్చుకోవడమూ కలిసిన గొంతుతో. "పాతది పక్కన పెట్టి చూసుంటే అసలు ముట్టుకునేవాళ్లమే కాదు."

వార్డులో అత్తగారు దిండుకు ఆనుకుని ఉంది. దగ్గు వస్తే గాటున్న పక్కను రెండు చేతులతో అదిమి పట్టుకుంటోంది.

"అమ్మాయ్, నీ మొహం చూస్తుంటే కోసింది నిన్నో నన్నో తెలియట్లేదు."

"ఆ రోజు నేనొక్క నొక్కు నొక్కి ఉంటే..."

"ఆ పిల్లది దొరికిందా?"

"దొరికింది. ఆపరేషన్ కూడా అయిపోయింది. నిన్న ఇంటికి పంపారు."

"డ్రైవరుది?"

"దొరికిందత్తయ్యా."

"మరింకేం" అంది ఆవిడ. అని, గోడ వైపు తిరగబోయి, నొప్పికి తిరగలేక, కళ్లు మాత్రం మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరవకుండానే, "నొప్పెట్టట్లేదని మాత్రం అనుకోకే" అంది. సర్వరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత సర్వరమ్మ జరిగిందంతా రాసి కొనుగోళ్ల అధికారికి ఇచ్చింది. పెట్టె చచ్చిపోయిందనీ, ఎందుకు చచ్చిపోయిందో, ఎవరిని ఊరికే కోశారో, ఏదీ దాచకుండా రాసింది. సాయంత్రం ఆయన పిలిపించాడు.

"పెట్టె చచ్చిపోయిందని రాశారు."

"చచ్చిపోయింది సార్."

"డాక్టర్లందరికీ స్కాన్లు వస్తున్నాయిగా మరి?"

"స్టోర్‌రూమ్‌లోంచి వస్తున్నాయి సార్. మీరు తిరస్కరించిన డిస్కుల్లోంచి."

అధికారి లేచివెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. వచ్చి, ఈసారి తన కుర్చీలో కాక ఆవిడ ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు మెల్లగా. "మావాడి చెయ్యి ఎక్స్‌రే కూడా అక్కణ్ణుంచే వచ్చింది. మీరు నోటితో ఎన్నిసార్లయినా చెప్పండి, వింటాను. రాతలో మాత్రం పెట్టకండి. పెట్టారంటే, అనుమతి లేని డిస్కుల్లో రోగుల వివరాలు దాచారని నేనే దాన్ని ఆపించాలి. ఆపకపోతే నా మీదికి వస్తుంది. ఆపితే మిగిలిన స్కాన్లూ పోతాయి. ఎవరికి లాభం?"

"మా అత్తయ్యని ఊరికే కోశారు సార్."

ఆయన బల్ల వైపు చూశాడు. "ఎలా ఉన్నారావిడ?"

"తేరుకుంటున్నారు."

"అడిగానని చెప్పండి" అన్నాడు. తర్వాత ఆ కాగితాలను రెండు చేతులతో, జాగ్రత్తగా, ఎవరి బిడ్డనో తిరిగి ఇస్తున్నట్టు ఆవిడ ముందుకు జరిపాడు.

సర్వరమ్మ వాటి వైపు చూసింది. స్టోర్‌రూమ్‌లో తిరుగుతున్న డిస్కులు, వాటిలో ఉన్న ఊరు, రేపు డాక్టరు దగ్గరికి వెళ్లబోయేవాళ్ల వరస ఆవిడ కళ్ల ముందు కదిలాయి. కాగితాలు తీసుకుని వచ్చేసింది.

సంఘం తుది నివేదిక కొద్దికాలానికే వెలువడింది. విషయపరిశీలనలో అది చాలా లోతైనది. మూడో పక్షపు డిస్కులు ఈ ఆసుపత్రి అవసరాలకు అనుగుణం కావని తేల్చింది. అందుకు రుజువుగా, కేవలం కంపెనీ డిస్కులతోనే ఉన్న ప్రస్తుత పెట్టె పనితీరును వివరంగా చర్చించింది. పరిశీలన చివరి దశలో స్కాన్లు ఎన్నడూ లేనంత వేగంగా అందుతున్నాయని డాక్టర్లు సాక్ష్యమిచ్చారు. పెట్టె కరెంటు వాడకం అనూహ్యంగా తగ్గింది. వేడి విడుదల చెయ్యడం పూర్తిగా మానేసింది. దాని రొద గురించి లాండ్రీ వాళ్లు ఇదివరకు చేసిన ఫిర్యాదు దానంతటదే పరిష్కారమైంది. ఏ ఒక్క రోగికీ అంతరాయం కలిగిన దాఖలాలు రాతపూర్వకంగా లేవు. కావున అదే కంపెనీ నుంచి అలాంటి పెట్టెలు మరో రెండు తీసుకోవాలని సంఘం సిఫారసు చేసింది.

చిన్న సభ జరిగింది. కంపెనీ ప్రతినిధి, విశ్వసనీయ సేవకు గుర్తింపుగా, మెరిసే ఒక గాజు ఫలకాన్ని పెట్టెకు బహూకరించాడు. అందుకోవడానికి పెట్టె తరఫున సర్వరమ్మను వేదిక మీదికి పిలిచారు. వెళ్లింది. అందుకుంది. ఫొటో తీసేవాడు కొంచెం నవ్వమన్నాడు. ఫలకాన్ని తీసుకెళ్లి చల్లటి గదిలో పెట్టె నెత్తిన నిలబెట్టి, వారానికోసారి తుడిచే బాధ్యత కూడా ఆవిడకే అప్పగించారు.

ఫలకం పెట్టిన నాటి నుంచి నేటి వరకు ఆ పెట్టె మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.